ఇంటర్వ్యూకి ఆలస్యం: వెనక్కి పంపాలా, కారణం వినాలా?

ఆలస్యంగా వచ్చినవారిని వెంటనే వెనక్కి పంపేస్తే నియమం అందరికీ ఒకటే అవుతుంది. షిఫ్టు మారే వేళకు కచ్చితంగా చేరాల్సిన నర్సు, రైలు డ్రైవరు లాంటి ఉద్యోగాలకు ఇది సబబే. సమయపాలన అక్కడ పనిలో భాగం.

కారణం విని ఇంటర్వ్యూ చేయడం రెండో దారి. నా మొగ్గు దీనివైపే. ఒక్క ఉదయం చూసి మనిషి అలవాటును తేల్చలేం. దారిలో ప్రమాదం, పిల్లలకు జ్వరం ఎవరికైనా ఎదురవుతాయి. ఆలస్యమవుతుందని ముందే ఫోన్ చేశారా, వచ్చాక క్షమాపణ చెప్పారా అన్నదే నాకు ముఖ్యం. 10 నిమిషాలు ఆలస్యమైన మనిషి అసలే టెన్షన్‌లో ఉంటారు, ముందు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాలి. వారికి కేటాయించిన సమయంలో మిగిలినంతలోనే ప్రశ్నలు అడిగితే, తర్వాతి అభ్యర్థికీ అన్యాయం జరగదు. కబురు లేకుండా అరగంట దాటాక వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చుంటే మాత్రం నేనూ వద్దనే అంటాను.