మోకాళ్ల నొప్పికి డోలోనా, బ్రూఫెనా, జెల్లా: ఏది మేలు?

"మోకాళ్ల నొప్పికి నాలుగు బిళ్లలివ్వు బాబూ" అని అడిగితే మెడికల్ షాపుల్లో చాలాసార్లు చేతిలో పెట్టేది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. కుర్రాడు స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేసిస్తాడు. పేరు సగం అటు, ఎక్స్‌పైరీ తేదీ ఇటు పోతాయి. ఇంటికెళ్లాక అదేం మందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి, వాపు తగ్గించే మాత్రలు చట్టప్రకారం డాక్టర్ చీటీ మీదే అమ్మాలి. అమలు ఎలా ఉందో మనకు తెలిసిందే.

ముందు డోలో 650 సంగతి. ఇది పారాసిటమాల్. జ్వరానికి, తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు నా ఓటు దీనికే. పొట్టనీ కిడ్నీలనీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. పెద్దవాళ్లు ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా వేసుకోవచ్చు. మద్యం తాగే అలవాటో లివర్ జబ్బో ఉంటే అంత కూడా వద్దు. అయితే వాపు మీద ఇది పనిచేయదు, అరిగిన మోకాళ్లకూ దీనివల్ల ఒరిగేది తక్కువే.

బ్రూఫెన్, అంటే ఐబూప్రొఫెన్, నొప్పినీ వాపునీ రెండింటినీ తగ్గిస్తుంది. పంటి నొప్పి, నెలసరి నొప్పి, కాలు బెణకడం లాంటివాటికి డోలో కన్నా ఇదే మేలు. చిక్కంతా అది పనిచేసే తీరులో ఉంది. నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారు కాకుండా అడ్డుకుంటుంది. పొట్ట లోపలి పొరను కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా అవే. అందుకే "అన్నం తిన్నాక వేసుకుంటే ఏం కాదు" అనే మాట సగమే నిజం. మందు రక్తంలో కలిశాక కూడా పొట్ట మీద పనిచేస్తూనే ఉంటుంది. సూది వేయించుకున్నా అంతే. తోడుగా వేసుకునే గ్యాస్ మాత్ర పొట్టను కొంత కాపాడుతుంది కానీ కిడ్నీకీ గుండెకీ ఈ మందు చేసే చేటును ఆపదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకునేటట్లయితే 400 మి.గ్రా. మాత్రలు రోజుకు మూడు మించకూడదు, అదీ నాలుగైదు రోజులే. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లకు నీరు పట్టినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

మోకాళ్ల నొప్పులున్న వయసులో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. రోజూ టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర, దాంతోపాటు ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు వీటి మీద ఐబూప్రొఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది. బీపీ కూడా అదుపు తప్పుతుంది. ఎండాకాలం రోజంతా చెమటోడ్చి, నీళ్లు చాలక, సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఈ మాత్ర మింగే కూలీలకూ ఇదే ముప్పు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోకుండా వీటి జోలికి పోకపోవడమే మంచిది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసి, వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది. ఆ మందును పశువులకు వాడకుండా మన దేశం 2006లో నిషేధించింది. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లంత సున్నితం కాదులెండి, కానీ అది గుర్తొస్తే నాకు కొంచెం టెన్షనే.

అందుకే మోకాలికి నేను ముందు చెప్పేది డైక్లోఫెనాక్ జెల్. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ, పని మాత్రం నొప్పి ఉన్నచోటే చేస్తుంది. పూటకోసారి చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు, కనీసం వారం రాయాలి. ఒకసారి రాసి "పనిచేయలేదు" అంటే ఎలా? రాశాక పైన వేడి కాపడం పెట్టొద్దు, పుండ్ల మీద రాయొద్దు. నడుము నొప్పికి మాత్రం జెల్‌తో పెద్దగా ఫలితం ఉండదు.

అన్నిటికన్నా నాకు నచ్చనివి కలిపిన మాత్రలు. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 ఉంటాయి. పొద్దున అదొకటి, జ్వరానికని డోలో ఒకటి, రాత్రి షాపువాడిచ్చిన ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ మాత్ర ఒకటి వేసుకుంటే పారాసిటమాల్ మూడుసార్లు, వాపు మందు రెండుసార్లు లోపలికి వెళ్లినట్టే. వేసుకున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటాక, వీటిని సొంతంగా వేసుకోకూడదు. నొప్పికీ జ్వరానికీ వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. పాత స్ట్రిప్ ఇంట్లో ఉందని పిల్లలకు వేయకండి.

స్టెంటు వేయించుకుని రోజూ ఆస్పిరిన్ 75 వాడేవారికి ఐబూప్రొఫెన్ ఇంకో చిక్కు తెస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ చేసే పనికి అడ్డుపడుతుంది, పొట్టలో రక్తస్రావం ముప్పునూ పెంచుతుంది. అలాంటివారు మోకాలికి జెల్, తలనొప్పికి డోలోతో సరిపెట్టుకుని, అంతకుమించి కావాలంటే గుండె డాక్టర్‌నే అడగాలి.