ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ: నాలుగు సెమిస్టర్లు చదివాక సమీక్ష

పీజీ ప్రవేశ పరీక్షలైన సీపీగెట్‌లోనో (తెలంగాణ) ఏపీ పీజీసెట్‌లోనో ర్యాంకు వచ్చి, ఆప్షన్లు పెట్టుకునే ముందు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: పాఠాలు బాగా చెబుతారా, ఉద్యోగాలు వస్తాయా. నన్నడిగితే వీటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. వారానికి ల్యాబ్ నిజంగా ఎన్ని రోజులు జరుగుతుంది, ఒక్కో బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) దగ్గర ఎంతమంది నిలబడతారు? థియరీ ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక) ఉచితంగా దొరుకుతుంది. పాత పుస్తకాలు కోఠిలోనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో సగం ధరకు వస్తాయి. నాలుగు దశాంశ స్థానాల త్రాసు, ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగే గూడు), ఇన్‌స్ట్రుమెంట్లు మాత్రం తక్కువ ఫీజుతో విశ్వవిద్యాలయంలోనే అందుతాయి. ఈ కోర్సు విలువ నా లెక్కలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది.

పెద్ద లోపం కూడా అక్కడే ఉంది. నలుగురికి ఒక బ్యాచ్ అంటారు. ఒకరు టైట్రేషన్ (బ్యూరెట్‌లోని ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలవడం) చేస్తే ముగ్గురు రీడింగ్ రాసుకుంటారు. రికార్డు నిండుతుంది, చెయ్యి మాత్రం కుదరదు. మొదటి వారంలోనే వంతులు వేసుకోండి, ప్రతి ప్రయోగంలో కనీసం ఒక్క రీడింగైనా మీ చేత్తో తీయండి.

మొదటి ఏడాది ఇనార్గానిక్ ల్యాబ్‌లో అసలైన పాఠం నికెల్ గ్రావిమెట్రీ, అంటే నికెల్‌ను అవక్షేపంగా మార్చి తూచి లెక్కగట్టడం. కొద్దిగా ఆమ్లం కలిపిన నికెల్ ద్రావణాన్ని 70–80 డిగ్రీలకు వేడి చేసి, ఆల్కహాల్‌లో కరిగించిన 1 శాతం డీఎంజీ (డైమిథైల్ గ్లయాక్సిమ్) పోసి, అమోనియాను చుక్కచుక్కగా, వాసన తేలిగ్గా తగిలేదాకా కలుపుతారు. ఎర్రటి అవక్షేపం దూదిలా ఉబ్బుతుంది. అందుకే నికెల్ 25–30 మిల్లీగ్రాములకు మించకూడదు, మించితే వడపోతలోనే పూట గడిచిపోతుంది. డీఎంజీ నీళ్లలో సరిగా కరగదు. ఎక్కువ పోస్తే దాని స్ఫటికాలు అవక్షేపంతో కలిసి బరువు పెరుగుతుంది. ఆల్కహాల్ వంతు ఎక్కువైతే అవక్షేపం కొంత కరిగి బరువు తగ్గుతుంది. జీ-4 క్రూసిబుల్‌లో (అడుగున సన్నటి రంధ్రాలున్న గాజు వడపోత గిన్నె) వడగట్టి, 110–120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) అరగంట ఉంచాకే తూయాలి. వేడి క్రూసిబుల్‌ను త్రాసులో పెడితే చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువగా చూపిస్తుంది, అంకెలు నిలవవు. వరుసగా రెండు తూకాలు 0.0002 గ్రాముల తేడాలోకి వచ్చేదాకా ఆపకండి. వచ్చిన బరువును 0.2032తో గుణిస్తే నికెల్ తెలుస్తుంది.

పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్ ఇంటర్‌లోనే చేశాం కదా అని తేలిగ్గా తీసుకుంటారు. మొదటి చుక్కల గులాబీ రంగు పోవడానికి సమయం పడుతుంది. అది ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిన గుర్తు) కాదు. మాంగనీస్ అయాన్లు కాస్త పుట్టాక అవే చర్యను వేగం చేస్తాయి. ఉష్ణోగ్రత 60–70 డిగ్రీలు ఉండాలి, మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లం విచ్ఛిన్నమై రీడింగ్ తగ్గుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలకపోతే గోధుమరంగు మడ్డి వస్తుంది. దాని బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరిస్తుంది, రీడింగ్ పెరుగుతుంది. ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గర చదవాలి.

ఫిజికల్ ల్యాబ్‌లో మిథైల్ ఎసిటేట్ జలవిశ్లేషణకు గ్రాఫు సరిగా రాదని అందరూ తల పట్టుకుంటారు. తప్పు దాదాపు ఎప్పుడూ అనంతకాలపు రీడింగ్‌దే, అంటే చర్య పూర్తిగా ముగిశాక తీసేదానిదే. తొందరగా ముగించాలని వదులు మూతతో వేడి చేస్తారు. ఆ ఎస్టర్ 57 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి కొంత ఆవిరై పోతుంది, రీడింగ్ తక్కువ వస్తుంది, లాగ్ గీత చివర్లో కిందికి వంగుతుంది. బిగుతుగా మూత పెట్టి మర్నాడు తీయడమే మేలు.

ఆర్గానిక్ మిశ్రమాల విశ్లేషణకు ఎంత సమయమిచ్చినా చాలదు. ఈథర్ ద్రావణాన్ని ముందు సోడియం బైకార్బొనేట్‌తో కడిగితే కార్బాక్సిలిక్ ఆమ్లం దిగుతుంది, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫినాల్, ఆపై డైల్యూట్ హైడ్రోక్లోరిక్‌తో అమీన్. మిగిలేది తటస్థ పదార్థం. వరుస మారిస్తే ఆమ్లమూ ఫినాలూ కలిసే వచ్చేస్తాయి. బైకార్బొనేట్‌తో ఊపేటప్పుడు ఫన్నెల్‌ను తలకిందులు చేసి కాక్ తెరిచి గ్యాస్ వదలండి, లేదంటే మూత ఎగిరిపోతుంది. పొరలు విడిపోకుండా నురగలా ఉండిపోతే కాస్త ఉప్పు వేసి ఆగండి. సోడియం ఎక్స్‌ట్రాక్ట్‌లో (పదార్థాన్ని సోడియంతో కరిగించి నీళ్లలోకి తీసిన ద్రావణం) హాలోజన్ చూసే ముందు నైట్రిక్ ఆమ్లంతో బాగా మరిగించాలి. నైట్రోజన్, సల్ఫర్ ఉంటే సయనైడ్, సల్ఫైడ్ కూడా సిల్వర్ నైట్రేట్‌తో అవక్షేపమిస్తాయి, లేని హాలోజన్ ఉన్నట్టు రాసేస్తారు.

ఇన్‌స్ట్రుమెంట్ల విషయంలో అసంతృప్తి మిగిలింది. ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువు నిర్మాణాన్ని చూసే పద్ధతి) పేపర్ సిలబస్‌లో ఉంటుంది, మనకిచ్చేది జిరాక్స్ తీసిన స్పెక్ట్రమ్. మెషిన్ పీహెచ్‌డీ వాళ్లకే చాలదు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టులో మీ శాంపిల్ ఒక్కటైనా పెట్టించుకోండి. ప్రోటాన్ స్పెక్ట్రమ్‌కు శాంపిల్ 5–10 మిల్లీగ్రాములు, 0.6 మిల్లీలీటర్ల డ్యుటీరియేటెడ్ క్లోరోఫామ్ చాలు. సొంత స్పెక్ట్రమ్‌లో 7.26 పీపీఎం దగ్గర ద్రావణి పీక్, 1.56 దగ్గర తేమ పీక్ గుర్తుపట్టినవాళ్లకు పుస్తకంలో లెక్కలు సులువవుతాయి.

స్పెషలైజేషన్ గురించి సూటిగా చెబుతాను. అనలిటికల్ తీసుకుంటే జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా కంపెనీల క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) త్వరగా దారి దొరుకుతుంది. అయితే షిఫ్టులుంటాయి. ఇంటర్వ్యూలో మొబైల్ ఫేజ్‌ను (హెచ్‌పీఎల్‌సీ మెషిన్‌లో పారే ద్రావణి) 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో ఎందుకు వడగడతారు, గాలి ఎందుకు తీసేస్తారు అని అడుగుతారు. ఆర్గానిక్ వాళ్లను టీఎల్‌సీ, కాలమ్ (మిశ్రమాలను విడదీసే పద్ధతులు), గ్రిగ్నార్డ్ చర్యను చివర్లో జాగ్రత్తగా ఆపడం (క్వెంచింగ్) మీద పట్టుకుంటారు. పరిశోధన వైపు వెళ్లాలంటే సెమిస్టర్ మార్కులు ఒక్కటే సరిపోవు. పరిశోధన ఫెలోషిప్‌కు రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో 200 మార్కుల్లో 100 పార్ట్ సీవే: 60 ప్రశ్నల్లో 25కు జవాబివ్వాలి, ఒక్కోటి 4 మార్కులు. మన సెమిస్టర్ పరీక్షల్లో వ్యాసాలు రాసే అలవాటు అక్కడ పనికిరాదు. రెండో సెమిస్టర్ నుంచే పాత పేపర్లు పట్టుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు విషయం తెలిసినా వైవాలో మాట తడబడుతుంది. ప్రతి ప్రయోగానికీ 'ఎందుకు' ప్రశ్నలు అయిదు రాసుకుని ఇంగ్లిష్‌లో బయటికి చెప్పుకుంటే రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది.

కాటన్ ఏప్రన్లు రెండు కొనండి. పాలిస్టర్ వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఆప్షన్లు ఖరారు చేసే ముందు వీలైతే ఒకసారి వెళ్లి ల్యాబ్ చూసి రండి. ఫ్యూమ్ హుడ్ స్విచ్ వేయమని అడిగి, హుడ్ తలుపు కింద సన్నటి టిష్యూ కాగితం ముక్క పట్టుకోండి. లోపలికి లాగితే సరే. వేలాడుతూ అలాగే ఉంటే ఆ కాలేజీని మీ వరుసలో కిందికి దించండి.