పెండ్లి పత్రిక మీద గ్రేట్ వైబ్స్ ఫాంట్: ఎక్కడ మెరుస్తుంది, ఎక్కడ తెగుతుంది

వరంగల్, హన్మకొండల్లో పెండ్లి పత్రిక డిజైన్ చేసేవాళ్లకు ఇంగ్లిషు కలిపిరాత ఫాంట్ ఒకటి చేతిలో ఉండాల్సిందే. వాటిలో గ్రేట్ వైబ్స్ చాలా మంచిది. రాబర్ట్ లూష్కీ గీసిన ఈ ఫాంట్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉచితంగా దొరుకుతుంది, గిరాకీల పనికీ వాడుకోవచ్చు.

అందమంతా పెద్దక్షరాల మెలికల్లో ఉంది. ‘శ్రావణి’ అని ఇంగ్లిషులో కొడితే మొదటి ఎస్ విశాలంగా తిరుగుతుంది, మిగతావి దారంలాంటి గీతతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే పేరు మొత్తం పెద్దక్షరాల్లో కొడితే మెలికలన్నీ చిక్కుపడి ఎవరూ చదవలేరు. మన పత్రికల్లో పేరు పక్కన బీటెక్, ఎంబీబీఎస్ అని డిగ్రీలు తప్పవు కదా, వాటిని మాత్రం నిటారు అక్షరాల్లో, 9 పాయింట్లలో పెట్టండి. ‘చి.ల.సౌ.’ ఇంగ్లిషులో వేసినా అంతే.

దీని చిన్నక్షరాలు మరీ పొట్టివి. 5×7 అంగుళాల కార్డు మీద పేర్లకు 36 నుంచి 48 పాయింట్లు ఇవ్వండి, 18కి దిగొద్దు. అక్షరాల మధ్య స్పేసింగ్ సున్నాలోనే ఉంచాలి, కొంచెం పెంచినా కలిపే గీతలు తెగి పేరు ముక్కలైనట్టు కనిపిస్తుంది.

ఎక్కువ నష్టం ప్రింటింగ్‌లో జరుగుతుంది. ముదురు మెరూన్ నేల మీద తెల్ల పేరు వేస్తే నాలుగు రంగుల ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా సన్న గీతలు పూడుకుపోతాయి. గోల్డ్ ఫాయిల్‌కైతే గరుకు కాగితం వద్దు, పల్లాల్లో ఫాయిల్ అంటక గీత మధ్యలో తెగుతుంది. నున్నని కార్డు తీసుకుని, అక్షరానికి అదే రంగులో 0.2 పాయింట్ల ఔట్‌లైన్, గుండ్రని మూలలతో ఇవ్వండి. 0.5 దాకా పోతే ఇంగ్లిషు ‘e’ అక్షరం లోపలి ఖాళీ మూసుకుపోతుంది, నాజూకుతనమూ పోతుంది.

ఇందులో తెలుగు అక్షరాలు లేవు. అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన తెలుగు మీద పొరపాటున ఇదే ఫాంట్ పడితే ‘శుభలేఖ’ కాస్తా అర్థంలేని ఇంగ్లిషు గుర్తులైపోతుంది. అందుకే ప్రూఫ్ చదివించాక, ప్రెస్సుకు పంపే ముందు అంతా కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా మార్చాలి. ఇంగ్లిషు వాలింది కదా అని తెలుగునూ బలవంతంగా వాల్చకండి, తలకట్లు, వత్తులు వంకరపోతాయి. నిటారు తెలుగు పక్కనే ఈ వాలు రాత ఎక్కువ నిండుగా ఉంటుంది. తెలుగులోనూ చేతిరాత పోలిక కావాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన లక్కిరెడ్డి ఉంది. అది శీర్షికల కోసం చేసింది, పెద్ద సైజులోనే వాడాలి.

బొటిక్ అద్దానికి వినైల్ స్టిక్కర్ కోయించేటప్పుడు ఇంకో జాగ్రత్త. కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నీ వెల్డ్ చేయకుండా, అంటే ఒకే ఆకారంగా కలపకుండా, ప్లాటర్‌కు (స్టిక్కర్ కోసే మెషిన్‌కు) పంపితే గీతలు కలిసే ప్రతి చోటా బ్లేడు అడ్డంగా కోస్తుంది, అతికించేటప్పుడు పేరు ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. అక్షరాల ఎత్తు మరీ తక్కువైతే సన్న గీతలు తీసేటప్పుడే చిరుగుతాయి.