అటక మీది పాత సిస్టంలకు ఎమ్‌ఎక్స్ లినక్స్: తిరుపతిలో నాలుగేళ్ళు వాడి చూశాక

2021 నవంబరులో వానలు తిరుపతిని ముంచెత్తినప్పుడు మా వీధిలో మోకాటిలోతు నీళ్ళు పారాయి. ఎమ్మార్‌పల్లి దగ్గర మా ఇంటి కింది గదిలోనే ట్యూషన్ నడుపుతాను. బల్లల కింద నేల మీద పెట్టిన ఐదు సీపీయూలు రెండు రోజులు ఆ బురదనీళ్ళలో నానాయి. ఆరబెట్టి చూస్తే ఒక్కటి కూడా లేవలేదు. మిగిలింది అటక మీది పాత సామాను: 2 జీబీ ర్యామ్‌తో కోర్ టూ డ్యుయో సిస్టంలు నాలుగు, మా తమ్ముడు కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన నెట్‌బుక్ ఒకటి. నెట్‌బుక్‌లో ఉన్నది ఆటమ్ ఎన్270 ప్రాసెసరు, ర్యామ్ 1 జీబీ. దానికి 32 బిట్ తప్ప ఇంకోటి ఎక్కదు. అన్నిటిలోనూ విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరిలోనే ముగిసింది.

కొత్తవి కొనే స్తోమత అప్పుడు లేదు. పిలకాయలు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి "మేడమ్, సిస్టం ఎప్పుడొస్తాది?" అని అడుగుతానే ఉన్నారు. ఆ నెలలోనే విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎమ్‌ఎక్స్ లినక్స్, దాని 21వ వెర్షను దించుకున్నాను. అది అక్టోబరులో వచ్చింది, డెబియన్ అనే ఇంకో లినక్సు 11వ వెర్షను మీద కట్టింది. అప్పటినుంచి ఇప్పటిదాకా మా గదిలో నడుస్తున్నది అదే. మధ్యలో 23కు మారాం.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ఎమ్‌ఎక్స్ వెనక కంపెనీ లేదు. యాంటీఎక్స్ అనే ఇంకో లినక్సు వాళ్ళూ, పాత మెపిస్ లినక్స్ వాడినవాళ్ళూ కలిసి 2014లో మొదలుపెట్టారు. డెబియన్ స్టేబుల్‌ను పునాదిగా తీసుకుని, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ, ఫ్లక్స్‌బాక్స్ అని మూడు రకాల డెస్క్‌టాప్‌లు ఇస్తారు. నేను కోర్ టూ డ్యుయోల్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ, నెట్‌బుక్‌లో ఫ్లక్స్‌బాక్స్ వేశాను. బూటయ్యాక ర్యామ్ వాడకం చూపే హెచ్‌టాప్‌లో చూస్తే నెట్‌బుక్ దాదాపు 300 ఎంబీ, పెద్దవి దాదాపు 600 ఎంబీ తింటున్నాయి.

అందరూ అడిగే అంకె అదే. నాలుగేళ్ళయ్యాక నాకు అన్నిటికంటే తక్కువ పనికొచ్చిన అంకె కూడా అదే. ఫైర్‌ఫాక్స్ తెరిచి రెండు ట్యాబులు పెడితే ఆ పొదుపంతా ఆవిరైపోతుంది. ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి చోటు మిగిల్చే జెడ్‌ర్యామ్ పెట్టుకుంటే 1 జీబీ సిస్టంకు కాస్త ఊపిరి అందుతుంది, నిజమే. కానీ ఎమ్‌ఎక్స్‌ను నేను వదలకపోవడానికి కారణం ర్యామ్ కాదు, ఎమ్‌ఎక్స్ స్నాప్‌షాట్ అనే ఒక పనిముట్టు. మనకు కావలసినట్టు అమర్చుకున్న సిస్టంను మొత్తంగా బూటయ్యే ఒకే ఫైలుగా, అంటే ఐఎస్ఓగా మార్చి ఇస్తుందది. ఒక సిస్టంలో తెలుగు ఫాంట్లు, కీబోర్డు, ప్రింటరు, పిల్లల ప్రోగ్రాములు అన్నీ సర్దుకుని, ఆ నకలునే మిగతావాటికి ఎక్కించవచ్చు; నెట్‌బుక్‌కు కూడా ఎక్కాలంటే మాత్రం ఆ నకలు 32 బిట్‌దై ఉండాలి. ఊళ్ళో ఇంకొకరికి పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వవచ్చు. పెద్ద ప్రోగ్రామర్లే చేయాలని లేదు, నేను చదివింది బీఎస్సీ మ్యాథ్స్.

మొదటిసారి చేసినప్పుడు మాత్రం దెబ్బ తిన్నాను. స్నాప్‌షాట్ మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఖాతాలను ఉన్నవి ఉన్నట్టు ఉంచాలా, లేక ఇతరులకు పంచడానికి చెరిపేయాలా అని. ఉంచితే నా బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు కూడా పిల్లల చేతికి పోతాయి. అందుకని చెరిపేయమన్నాను. గంటన్నర పట్టింది. నెట్‌బుక్‌లో ఎక్కించి చూస్తే తెలుగు కీబోర్డు లేదు, పెద్ద అక్షరాల సెట్టింగు లేదు, డెస్క్‌టాప్ మీద నేను సర్దిన ఐకాన్లు లేవు. రెండు రాత్రుల పని పోయింది. ఏం జరిగిందంటే, నేను మార్చినవన్నీ నా హోమ్ ఫోల్డరులో ఉన్నాయి, ఖాతా చెరిపితే ఆ ఫోల్డరు నకలులోకి రాదు. కొత్తగా పుట్టే ప్రతి యూజరుకూ అవే సెట్టింగులు రావాలంటే వాటిని ఈటీసీలో ఉండే స్కెల్ ఫోల్డరులోకి కాపీ చేయాలి. కీబోర్డునైతే యూజరు సెట్టింగులో కాకుండా మొత్తం సిస్టంకు వర్తించే ఫైలులోనే రాయాలి. మీరు చేయబోతుంటే ఈ రెండూ ముందే చూసుకోండి. వైఫై పాస్‌వర్డులు హోమ్‌లో కాక సిస్టం ఫోల్డరులో ఉంటాయి కాబట్టి అవి నకలులోకి పోకుండా విడిగా చూసుకోవాలి.

ఇంకో పొరపాటు: ఐఎస్ఓ చిన్నగా ఉంటే మంచిదని ఎక్స్‌జెడ్ కుదింపు పెట్టాను. సైజు తగ్గింది, కానీ లైవ్‌గా, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా బూట్ చేస్తే ఆటమ్ ప్రాసెసరుకు ఆ ఫైళ్ళు విప్పుకోవడమే పెద్ద పనైపోయింది. మెనూ నొక్కితే అర నిమిషం ఎదురుచూడాలి. తర్వాత త్వరగా విప్పుకునే జెడ్‌స్టాండర్డ్ కుదింపుకు మారాను. పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు వందల ఎంబీ ఎక్కువ పట్టినా పరవాలేదు, పిల్లవాడు మౌసు పట్టుకుని దిక్కులు చూడకూడదు.

తెలుగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా గదిలో అసలు పరీక్ష అక్కడే. డెబియన్‌లో తెలుగు ఫాంట్లు ప్యాకేజీల రూపంలోనే దొరుకుతాయి: లోహిత్, పోతన, వేమన. వాటికి తోడు సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ఫాంట్లు వేశాను. పాఠానికి మండలి, పోస్టర్లకు రామభద్ర. మన శ్రీకాళహస్తి కవి పేరు పెట్టిన ధూర్జటి ఫాంటంటే పిల్లలకు మహా ఇష్టం, పేర్లన్నీ దాంతోనే రాసుకుంటారు. కీబోర్డుకు పెట్టింది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుతుంది.

కొత్త ఐఎస్ఓ చేసిన ప్రతిసారీ ఒకే వరుస టైపు చేసి చూస్తాను: స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, సాఫ్ట్‌వేర్. మొదటి మూడూ మౌస్‌ప్యాడ్ అనే టెక్స్ట్ ఎడిటరులో, లిబ్రెఆఫీస్‌లో, బ్రౌజరులో చక్కగా వస్తాయి. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లో మాత్రం వత్తులు విడిపోయి, గుడులు పక్క గడిలోకి జారిపోతాయి. ఇది ఎమ్‌ఎక్స్ ఒక్కదాని సంగతి కాదు. అక్షరానికో గడి లెక్కన గీసే టెర్మినల్స్ చాలావాటిలో తెలుగుకు ఇదే గతి. నాలుగో మాట ఎందుకంటే, "సాఫ్ట్" తర్వాత కలవకుండా ఆపే గుర్తు పెట్టకపోతే "వ" పోయి "ట" కింద వత్తుగా చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. ఆ గుర్తుకు మా కీబోర్డులో తేలికైన మీట లేదు. కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి 200సీ కొట్టమని ఎనిమిదో తరగతి పిల్లకు ఎలా చెప్పేది? వెతగ్గా వెతగ్గా కీబోర్డు ఆప్షన్లలో ఒకటి కనబడింది. షిఫ్ట్ పట్టుకుని స్పేస్‌బార్ నొక్కితే ఆ గుర్తు పడేటట్టు పెట్టుకోవచ్చు. ఐఎస్ఓలో అది పెట్టాక పిల్లలు "ఫేస్‌బుక్", "పెన్‌డ్రైవ్" తప్పు లేకుండా కొడుతున్నారు. నాలుగేళ్ళలో నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే చిన్నది ఇదే, నాకు ఎక్కువ తృప్తినిచ్చిందీ ఇదే.

మెనూలు తెలుగులో పెట్టి ఒక నెల చూశాం. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కొన్ని తెలుగు, కొన్ని ఇంగ్లీషు కలగాపులగంగా వచ్చాయి. ఎమ్‌ఎక్స్ సొంత పనిముట్లలో ఇంకా ఎక్కువ ఇంగ్లీషే. చివరికి మెనూలు ఇంగ్లీషులోనే వదిలేశాం. పిల్లలు బొమ్మలు గీసుకునే టక్స్‌పెయింట్ మాత్రం తెలుగులో పెట్టి ఉంచాం.

పరీక్ష అంటే మొదట్లో నా ల్యాప్‌టాప్ మీద, సిస్టం లోపలే ఇంకో ఉత్తుత్తి సిస్టం నడిపే వర్చువల్‌బాక్స్‌లో నడిపి, బాగుంది అనుకునేదాన్ని. అది పరీక్షే కాదు. పాత బోర్డుల్లో పెన్‌డ్రైవ్ బూట్ లిస్టులో నేరుగా కనిపించదు. బయోస్‌లో హార్డ్ డిస్కుల లోపలి జాబితాకు పోయి దాన్ని పైకి తేవాలి. వర్చువల్‌బాక్స్‌కు ఆ బాధ లేదు. దానికి కరెంటూ పోదు. మా వైపు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, యూపీఎస్‌లేమో ఎప్పుడో చచ్చిపోయాయి. అందుకని ఇప్పుడు లిబ్రెఆఫీస్ తెరిచి, ఒక పేజీ టైపు చేస్తూ ఉండగా స్విచ్ కట్టేస్తాను. సిస్టంకు మూడుసార్లు. ఇప్పటిదాకా ఫైల్‌సిస్టం పాడైంది లేదు. ఈఎక్స్‌టీ4 అనే ఆ ఫైల్‌సిస్టం తన రాతల చిట్టా (జర్నల్) చదువుకుని లేచి కూర్చుంటుంది. టైపు చేసింది పోకుండా ఆటోసేవ్ మూడు నిమిషాలకు తగ్గించాను.

పెన్‌డ్రైవ్ మీద నడిపేటప్పుడు సంగతి వేరు. చేసిన మార్పులు పెన్‌డ్రైవ్‌లోనే నిలిచేటట్టు పెర్సిస్టెన్స్ అనే సౌకర్యం ఇందులో ఉంది. అందులో రెండు పద్ధతులున్నాయి. ఒకటి మార్పులన్నీ ర్యామ్‌లో పెట్టుకుని షట్‌డౌన్ చేసేటప్పుడు రాస్తుంది. రెండోది అప్పటికప్పుడు రాస్తుంది. మొదటిది వేగం, కానీ కరెంటు పోతే ఆ రోజు ఇన్‌స్టాల్ చేసింది గోవిందా. పైగా 1 జీబీ ర్యామ్‌లో ఎక్కువ ప్యాకేజీలు వేస్తే ర్యామే నిండిపోతుంది. ఇంటికి పట్టుకుపోయే పిల్లల పెన్‌డ్రైవ్‌లకు రెండోదే పెట్టి ఇస్తున్నాను.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లవాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, ఈడ నెట్ రాలేదు. ఏ సైటు తెరిచినా సేఫ్ కాదంటా ఉండాది."

వైఫై బాగానే ఉంది. పక్క సిస్టంలో అన్నీ తెరుచుకుంటున్నాయి. అరగంట తంటాలు పడి, అప్‌డేట్ చేద్దామని ప్యాకేజీలు తెప్పించబోతే అవీ "ఇంకా చెల్లదు" అని ఎర్రర్ ఇచ్చాయి. అప్పుడు గడియారం చూశాను. మూలలో సంవత్సరం 2009 అని ఉంది. బోర్డు మీది సెల్లు అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ మొదటికి పోతోంది. 2009లో ఉన్నాననుకునే సిస్టంకు సైట్లు అసలువేనని చూపే ఇప్పటి సర్టిఫికెట్లన్నీ రాబోయే కాలానివే కదా. నాణెం లాంటి సీఆర్2032 సెల్లు వేస్తే సరిపోయింది. అప్పటినుంచి "నెట్ రాలేదు" అంటే పిల్లలే ముందు గడియారం చూస్తున్నారు. పాత సిస్టంలకు ఏ ఓఎస్ వేస్తున్నా నాలుగు సెల్లులు కొని పెట్టుకోండి. ర్యామ్ కాళ్ళు తుడవడానికి మంచి రబ్బరు కూడా.

21 నుంచి 23కు మారడానికి ఒక ఆదివారం పట్టింది. 23 డెబియన్ 12 మీద 2023 జులై ఆఖర్లో వచ్చింది. ఉన్నదాని మీదే మార్చకుండా కొత్తగా వేసి, మా అమరికంతా మళ్ళీ పెట్టి కొత్త నకలు తీశాను. ఆ అమరికను ఒక నోటు పుస్తకంలో వరుసగా రాసి పెట్టుకున్నందుకే ఒక్క రోజులో అయింది. రోజువారీ వాడకంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. అప్‌డేట్లు వాటంతట అవి మీద పడవు, నేను నెలకోసారి వేస్తాను. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ప్యానెల్ ఎడమవైపు నిలువుగా రావడం పిల్లలకు కొత్త. ఎమ్‌ఎక్స్ ట్వీక్‌లో కిందికి దించేశాను. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే పాత ఫాంట్ల ఫైళ్ళు ఇందులో ఇంగ్లీషు పిచ్చిరాతలుగా తెరుచుకుంటాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. ప్రశ్నపత్రాలు పీడీఎఫ్‌లో తెప్పించుకోవడమే మార్గం.

నన్ను నిజంగా బాధపెడుతున్నది నెట్‌బుక్ సంగతి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్‌కు ఇన్‌స్టాలరూ కెర్నలూ లేవు. దాని మీద కట్టిన ఎమ్‌ఎక్స్ 25 కూడా 64 బిట్‌కే. ఫైర్‌ఫాక్స్ 145 నుంచి 32 బిట్ లినక్సుకు రావడం లేదు. డెబియన్ 12కు దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉంది కాబట్టి 23తో ఇంకొన్నాళ్ళు లాగుతాను, కానీ నెట్‌కు తగిలించేది తగ్గించేశాను. జీతం లేకుండా పనిచేసే కొద్దిమంది ఎన్ని రకాల సిస్టంలకని కట్టి, పరీక్షించి ఇవ్వగలరు? వాళ్ళ నిర్ణయం నాకు అర్థమవుతుంది. అయినా బరువులేని లినక్సు అన్న మాటే మొదట ఇలాంటి సిస్టంల కోసం పుట్టిందన్న బెంగ పోవడం లేదు.

మీ దగ్గర 64 బిట్ ప్రాసెసరు, కనీసం 2 జీబీ ర్యామ్ ఉంటే, ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి ఎమ్‌ఎక్స్ పెట్టండి, ధైర్యంగా చెబుతాను. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేశాకే మా కోర్ టూ డ్యుయోలకు ప్రాణం వచ్చింది. ఒక్క సిస్టమే ఉండి, బ్రౌజింగు తప్ప వేరే పని లేనివాళ్ళకు ఏ డిస్ట్రో (లినక్సు రకం) అయినా ఒకటే. ఐదారు సిస్టంలు ఒకేలా ఉంచాల్సిన బడికి, ట్యూషనుకు, ఊరి లైబ్రరీకి మాత్రం స్నాప్‌షాట్ ఉన్నది చూసి ఎంచుకోండి.

పోయిన నెల చంద్రగిరి నుంచి వచ్చే పదో తరగతి పిల్ల తన సొంత నకలు తీసుకుని వచ్చింది. వాళ్ళ మామయ్య షాపు సిస్టంకట. వాల్‌పేపర్‌గా చంద్రగిరి కోట ఫోటో పెట్టింది. సెట్టింగులు స్కెల్‌లో పెట్టావా అని అడిగాను. పెట్టిందట. ఎక్కడ పరీక్షించావంటే, ఇంకా లేదు మేడమ్ అంది. అటక మీది నుంచి నెట్‌బుక్ దించి తన చేతికిచ్చాను.