కంచెలో పాతే డ్రాప్ బాక్స్ బోను: కుందేళ్ల బెడద ఉన్న పొలానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లండ్‌లో సాగు చేసేవాళ్లకు కుందేళ్ల సంగతి చూసీ చూడనట్టు వదిలేసేది కాదు. 1954 నాటి పెస్ట్స్ యాక్ట్ ప్రకారం తన భూమిలోని అడవి కుందేళ్లను తొలగించడం, అది సాధ్యం కాకపోతే అవి పంట పాడుచేయకుండా ఆపడం ఆ భూమి చేతిలో ఉన్నవాళ్ల బాధ్యత. ఒకవైపు చెట్ల తోపులో బొరియలు, ఇంకోవైపు శీతాకాలపు గోధుమ, నడుమ వల కంచె. ఈ మూడూ ఉన్న పొలానికి డ్రాప్ బాక్స్ బోనును మించిన సాధనం లేదు. కంచెకు ఎక్కడికక్కడ కంతలు ఉంటే మాత్రం కొనొద్దు, డబ్బు దండగ.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది బొరియలు తవ్వి గుంపుగా బతికే యూరప్ కుందేలు గురించి. మన చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరే జంతువు. బొరియ తవ్వదు, గడ్డి దుబ్బుల్లో పడుకుంటుంది. దానికి భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టడం నేరం. ఇక్కడ చెప్పినవి దాని మీద ప్రయోగించకూడదు.

పరికరం చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. నేలలో పూడ్చే పెట్టె, దాని మీద కంచెను అడ్డంగా దాటే చిన్న సొరంగం, ఆ సొరంగం నేలలో ఇరుసు మీద తిరిగే పలక. కుందేలు పలక మీద అడుగు వేయగానే అది తక్కెడ పళ్లెంలా ఒరిగి, జంతువును పెట్టెలోకి జారవిడిచి, బరువుకట్టు లాగడంతో మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఎర అక్కర్లేదు. ఒకటి పడ్డాక కూడా దారి మూసుకుపోదు కాబట్టి ఒక్క రాత్రిలో నాలుగైదు పడొచ్చు. పలకను కదలకుండా బిగించే పిన్ను ఒకటి ఉంటుంది. ఈ బోనులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అదే, ఎందుకో కింద చెబుతాను.

ముందు కంచె. షట్కోణపు కన్నుల వల, కన్ను 31 మి.మీ., తీగ మందం 1.2 మి.మీ., వెడల్పు 1050 మి.మీ. ఇందులో 900 మి.మీ. నిలబెట్టి, మిగతా 150 మి.మీ. కుందేళ్లు వచ్చే వైపుకు నేల మీద మడిచి, మట్టిపెళ్లలు కప్పాలి. కుందేలు వల అడుగునే తవ్వడం మొదలుపెడుతుంది. వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు, ఆ మడత పనిచేసేది అందుకే. కన్ను పెద్దదైతే పిల్లలు దూరిపోతాయి. గేటు కింద బెత్తెడు సందు వదిలినా అవి సొరంగం ముఖం చూడవు.

బోను ఎక్కడ పెట్టాలో కుందేళ్లే చూపిస్తాయి. గడ్డి నలిగి పడిన దారి, వల కన్నుల్లో చిక్కిన బూడిదరంగు వెంట్రుకలు, గుండ్రటి పెంటికల కుప్పలు, గోకిన మట్టి. ఇవన్నీ ఒకేచోట కనిపిస్తే అక్కడే తవ్వాలి. దారి నుంచి రెండు మీటర్లు పక్కకు జరిపినా ఫలితం బాగా పడిపోతుంది.

పెట్టె లోతు 60 సెం.మీ.కు తగ్గనిది తీసుకోండి. గొయ్యి ఇంకో 15 సెం.మీ. ఎక్కువ తవ్వి కంకర పోసి, దాని మీద పెట్టె దించాలి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలు లేని పెట్టె ఎంత చవకైనా వద్దు. బంకమట్టి నేలలో రాత్రంతా వాన కురిస్తే లోపలి జంతువు నీళ్లలో నిలబడాల్సి వస్తుంది, అది క్షమించరాని విషయం. నీరు నిలిచే చోటైతే ఈ బోను ఆలోచనే మానుకోవాలి. లోపల గుప్పెడు పొడి గడ్డి వేసి, తడిసినప్పుడల్లా మార్చాలి.

పలక దగ్గరే ఎక్కువ తకరారు వస్తుంది. అరకిలో ఇసుక పొట్లం పలక చివర పెట్టి చూడండి. చప్పున ఒరగాలి, పొట్లం జారగానే చప్పున వెనక్కి రావాలి. అంతకంటే తక్కువ బరువుకే ఒరిగితే స్టోట్ (ముంగిసలా సన్నగా ఉండే వేటజంతువు) లాంటి చిన్న జంతువులు కూడా పడతాయి. చెక్క పలక వానకు ఉబ్బి చట్రానికి పట్టేస్తుంది కాబట్టి చుట్టూ 5, 6 మి.మీ. ఖాళీ ఉండాలి. ఆ సందులో ఒక్క గులకరాయి ఇరుక్కున్నా పలక సగంలో ఆగిపోతుంది. నోరు తెరుచుకున్న గొయ్యిని చూసిన కుందేలు మళ్లీ ఆ ఛాయలకు రాదు. ఇనుప ఇరుసు ఒక చలికాలానికే తుప్పు పడుతుంది. జస్తు పూత ఉన్నదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అడిగి తీసుకోవడం మంచిది. సొరంగం రెండు ముఖాలకూ 10-12 సెం.మీ. ఎడంతో నిలువు కడ్డీలు ఉంటే బ్యాడ్జర్లు (మొహం మీద తెల్ల చారలుండే, బొరియల్లో బతికే బలిసిన జంతువులు), కుక్కలు దూరవు. చాలా బోనులకు ఇవి ఉండవు, మనమే బిగించుకోవాలి.

ఇప్పుడు పిన్ను సంగతి. బోను పాతిన రోజే పలక వదిలేస్తే మొదటి రాత్రి ఒకటి పడుతుంది, మిగతావి జాగ్రత్తపడతాయి. రెండు మూడు వారాలు పిన్ను వేసే ఉంచాలి. సొరంగం లోపల పెంటికలు కనబడి, నేల నున్నగా అరిగి, అంచులకు వెంట్రుకలు అంటుకున్నాయంటే దారి అలవాటైనట్టే. అప్పుడు సాయంత్రం పిన్ను తీసి, తెల్లవారగానే చూడాలి. వరసగా రెండు రాత్రులు ఏమీ పడకపోతే వారం పాటు మళ్లీ బిగించి వదిలేయండి.

పిన్ను తీసి ఉన్నన్ని రోజులూ ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడటం తప్పనిసరి. అంత తీరిక లేనివాళ్లు ఈ బోను కొనకూడదు. 2006 నాటి యానిమల్ వెల్ఫేర్ యాక్ట్ ప్రకారం బోనులో ఉన్న జంతువు బాధ్యత మనదే. ముళ్ల ఎలుకలు (హెడ్జ్‌హాగ్‌లు), నెమలికోళ్లు (ఫెజెంట్లు), పిల్లులు పడితే అక్కడికక్కడే వదిలిపెట్టాలి. కుందేలును మెడ మీది తోలు, వెనక కాళ్లు కలిపి పట్టి తీయాలి, చెవులు పట్టి ఎత్తకూడదు. మెడ ఎముక విడదీసి ఒక్క క్షణంలో చంపడం చేయి తిరిగినవాళ్ల పక్కన ఉండి నేర్చుకోవాల్సిన పని. నీళ్లలో ముంచి చంపడం 1996 నాటి చట్టం ప్రకారం నేరం. కళ్లు వాచి పుసులు కట్టిన కుందేలు కనిపిస్తే అది మిక్సోమటోసిస్ అనే కుందేళ్ల అంటుజబ్బు, అలాంటిదాన్ని ముందు చంపి బాధ తప్పించాలి.

ఉచ్చుతో పోలిస్తే ఎలా అని చాలామంది అడుగుతారు. ఉచ్చు చవక, నిజమే. ఇత్తడి తీగలు పేనిన ముడి, జానెడు లోపు వెడల్పు, నేల నుంచి పిడికిలి ఎత్తు, దాన్ని నిలబెట్టే పుల్ల, గట్టి గూటం. అంతే సరంజామా. బయలు మైదానంలో, కుందేలు గెంతే రెండు అడుగుజాడల నడుమ పెట్టే పద్ధతి అది. కంచె పక్కన మాత్రం అది దారుణం. చిక్కిన జంతువు వలలో దూరుతుంది, తాడు కంచె రాటకు చుట్టుకుంటుంది, ముడి వదులు కాదు, సగం వేలాడుతూ చస్తుంది. పైగా ఆ దారిన వచ్చేది కుందేలో పిల్లో బ్యాడ్జరో ఉచ్చుకు తెలియదు. 1981 నాటి చట్టం తనంతట బిగిసి వదలని ఉచ్చులను నిషేధించింది, మిగతావాటిని రోజుకు ఒకసారైనా చూడాలంది. వేల్స్ 2023లో, స్కాట్లండ్ 2024లో ఉచ్చులను పూర్తిగా నిషేధించాయి. ఇంగ్లండ్‌లో ఇంకా చెల్లుబాటు అవుతున్నా, కంచె దగ్గర పెట్టమని ఎవరికీ చెప్పను.

క్యారెట్ ముక్కలు వేసి పెట్టే తీగ బోను మధ్యేమార్గం. మోసుకుపోవచ్చు, గొయ్యి అక్కర్లేదు. కౌలు భూమికి, చిన్న తోటకు అదే నయం. కానీ ఒక్కోసారికి ఒక్కటే పడుతుంది. చుట్టూ పచ్చగడ్డి ఉన్న కాలంలో ఎరను పట్టించుకోవు. తలుపు కట్టేసి వారం రోజులు ఊరికే క్యారెట్లు మేపితే తప్ప లోపలికి రావు.

డ్రాప్ బాక్సుకు సరైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి తొలి రోజుల దాకా. ఆ తర్వాత ఈనే కాలం ఊపందుకుంటుంది. పాలిచ్చే తల్లి బోనులో పడితే బొరియలో పిల్లలు ఆకలితో చస్తాయి. అందుకని వసంతంలో పిన్ను బిగించి, పిన్ను కొక్కేనికి తీగ చుట్టి, పెట్టెలోని గడ్డి తీసేయండి. సొరంగం మాత్రం తీయొద్దు. వేసవంతా వాటి రాకపోకలు సాగనిస్తే వచ్చే నవంబరులో అలవాటు చేసే ఆ మూడు వారాలు మిగులుతాయి. ఆ దారిన లోపలికొచ్చి కాస్త పంట మేస్తాయి కాబట్టి, గోధుమ లేతగా ఉన్న వారాల్లో రెండు ముఖాలూ వలతో మూసి, మొక్క ఎదిగాక తెరవాలి.