క్రిటాలో బొమ్మలు: కొత్తవాళ్ళ కోసం సమీక్ష

డిజిటల్ బొమ్మలు నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరడిగినా నేను చెప్పేది క్రిటా పేరే. ఉచితమని కాదు, గీత బాగా వస్తుందని. కుంచె చేతికి లొంగే తీరులో ఇది డబ్బు పెట్టి కొనేవాటికి ఏమాత్రం తీసిపోదు. వాళ్ళ వెబ్‌సైట్ నుంచి దించుకుంటే పైసా ఖర్చు లేదు. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో మాత్రం కొనుక్కోవాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

మొదటి రోజు విసిగించేది చాలావరకు పెన్ ట్యాబ్లెట్ (కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక) సెట్టింగులే. ఎంత నొక్కినా గీత ఒకే మందంలో వస్తుంటే, సెట్టింగ్స్ మెనూలో కాన్ఫిగర్ క్రిటా తెరిచి ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌కి వెళ్ళండి. విండోస్‌లో అక్కడ పెన్ను ఒత్తిడిని క్రిటాకి చేరవేసే పద్ధతులు విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఉంటాయి. ఒకటి పనిచేయకపోతే రెండోది ఎంచుకుని, క్రిటాని మూసి మళ్ళీ తెరవాలి. అదే పేజీలో ఒత్తిడి వంపు కూడా ఉంటుంది, ఎంత నొక్కితే ఎంత గీత పడాలో చెప్పే గ్రాఫ్ అది. చెయ్యి తేలిగ్గా ఆనించేవాళ్ళు దాన్ని కాస్త పైకి లాగితే తక్కువ ఒత్తిడికే గీత నిండుగా పడుతుంది. సున్నా చుడితే అడ్డంగా సాగిపోతోందా? 6×4 అంగుళాల ట్యాబ్లెట్‌ని 16:9 తెరకి పూర్తిగా పరిచేస్తే అలాగే అవుతుంది. ట్యాబ్లెట్‌తో వచ్చే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో నిష్పత్తిని తెరకి సరిపెట్టే ఆప్షన్ పెట్టండి. ఎత్తులో అర అంగుళం పైచిలుకు వాడకుండా పోతుంది, పోనివ్వండి.

బ్రష్‌లు వందకి పైగా ఉన్నాయి. కొన్ని నెలలపాటు మూడే వాడండి: చిత్తు గీతకి పెన్సిల్-2, సిరా గీతకి ఇంక్-3 జీపెన్, రంగుకి బేసిక్-5 సైజ్ ఒపాసిటీ. షిఫ్ట్ నొక్కి పెన్ను పక్కకి లాగితే సైజు మారుతుంది. కంట్రోల్ నొక్కి బొమ్మ మీద తాకితే అక్కడి రంగు చేతికొస్తుంది. ఎం మీట నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ముఖం వంకర పోయిందేమో తేల్చేది ఇదే, తరచూ నొక్కుతుండండి.

గీత వణుకుతుంటే టూల్ ఆప్షన్స్‌లో బ్రష్ స్మూతింగ్‌ని (గీతని నున్నగా చేసే సెట్టింగ్) వెయిటెడ్‌కి మార్చండి. అందులో దూరం (డిస్టెన్స్) 30 దగ్గర మొదలుపెడితే చాలు. మరీ పెంచితే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, చిన్న గీతల తోకలు తెగిపోతాయి. కనురెప్పలు, వెంట్రుకలు వేసేటప్పుడు స్మూతింగ్‌ని బేసిక్‌కి తెచ్చుకోవాలి.

ఉన్నట్టుండి గీత పడటం మానేస్తే కంగారుపడి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి. ఇ మీట పొరపాటున నొక్కి ఉంటే బ్రష్ రబ్బరుగా మారిపోయి ఉంటుంది, ఇంకోసారి నొక్కండి. అది కాకపోతే ఎక్కడో చిన్న సెలెక్షన్ (ఎంచుకున్న భాగం, గీత దానిలోనే పడుతుంది) మిగిలిపోయి ఉంటుంది, కంట్రోల్, షిఫ్ట్, ఎ కలిపి నొక్కితే పోతుంది. లేయర్‌కి (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరల్లో ఒకటి) తాళం పడిందేమో ఆ తర్వాత చూడండి.

కొత్తవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇన్హెరిట్ ఆల్ఫా దగ్గర, అంటే ఒక లేయర్ రంగుని కింద ఉన్న బొమ్మ హద్దుల్లోనే ఆపే సదుపాయం. చొక్కా రంగు ఒక లేయర్‌లో ఉంది, నీడ దాని పై లేయర్‌లో వేస్తున్నారు, నీడ చొక్కా దాటకూడదు. నీడ లేయర్ పక్కనున్న ఆల్ఫా గుర్తు నొక్కుతారు. అయినా నీడ బయటికి పాకుతుంది. కారణం ఏమిటంటే, క్రిటా ఒక్క కింది లేయర్‌నే కాదు, కింద ఉన్న లేయర్లన్నిటినీ కలిపి చూస్తుంది. అడుగున తెల్ల బ్యాక్‌గ్రౌండ్ కాగితమంతా నిండి ఉంటుంది కాబట్టి హద్దే ఉండదు. చొక్కా, నీడ లేయర్లు రెండింటినీ ఎంచి కంట్రోల్, జి నొక్కి గ్రూపులో పెట్టండి. హద్దు ఆ గ్రూపు వరకే ఉంటుంది, నీడ చొక్కాలోనే ఆగుతుంది. ఒక్క కింది లేయర్‌నే హద్దుగా తీసుకునే ఫోటోషాప్ క్లిప్పింగ్ అలవాటున్నవాళ్ళకి ఇది మొదట చిరాకే. అలవాటైతే ఒక బొమ్మ దుస్తులు, నగలు, జుట్టు అన్నీ గ్రూపులుగా చక్కగా సర్దుకుంటాయి.

మూసిన గీత లోపలంతా ఒకేసారి రంగు నింపే ఫిల్ టూల్‌తో రంగు పోస్తే గీత పక్కన తెల్లటి సందు మిగులుతుంది. దాని ఆప్షన్లలో గ్రో సెలెక్షన్ 2 పిక్సెళ్ళు పెడితే రంగు గీత కిందికి వెళ్తుంది.

ఎ4 సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480×3508 పిక్సెళ్ళు, నిండా రంగున్న ఒక్కో లేయర్‌కి 35 ఎంబీ దాకా మెమరీ. 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో పాతిక లేయర్లకే పెద్ద బ్రష్ నత్తనడక నడుస్తుంది. సాధన బొమ్మలకి అందులో సగం కొలతలు చాలు.

ఒక్క గీతని ఒకేసారి పలుచోట్ల గీసే మల్టీబ్రష్ గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రష్‌ల సంఖ్య 8 పెట్టి, కేంద్రాన్ని కాగితం మధ్యకి జరిపి ఒక రేకు గీస్తే ఎనిమిది రేకుల ముగ్గు చుట్టూ లేస్తుంది. డబ్ల్యూ నొక్కితే బొమ్మ నాలుగు పక్కలా పునరావృతమవుతుంది. కలంకారీ తరహా డిజైన్లలో అతుకు కనబడకుండా చేసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

తెలుగు అక్షరాల పని మాత్రం ఇందులో పెట్టుకోకండి. 5.2లో టెక్స్ట్ అమరికని కొత్తగా రాశారు గానీ, కవర్ పేజీ శీర్షికలకి ఇంక్‌స్కేప్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంతో నయం. బొమ్మని పీఎన్‌జీగా తీసి అక్కడ అక్షరాలు పెట్టుకోండి. ఆ పీఎన్‌జీలో లేయర్లు ఉండవు, కాబట్టి అసలు బొమ్మ క్రిటా సొంత ఫైల్ రకమైన కేఆర్ఏగానే దాచండి. పెద్ద మార్పు చేసేముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్ నొక్కితే కొత్త నంబరుతో ఇంకో ప్రతి తయారవుతుంది, పాతది అలాగే ఉంటుంది.