కాలేజీ షార్ట్‌ఫిల్మ్ టీమ్‌కు డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలా?

ఎడిటింగ్, కలర్, సౌండ్ మూడూ ఒకేచోట, పైసా ఖర్చు లేకుండా కావాలంటే ఈ వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మించింది లేదు. ఉచిత వెర్షన్‌లో ఎగుమతి చేసిన ఫైలు మీద వాటర్‌మార్క్ పడదు, 4కె యూహెచ్‌డీ వరకు వస్తుంది. 295 డాలర్ల స్టూడియో వెర్షన్ మొదటి సినిమాకు అక్కర్లేదు. అయితే ఒక్కడే కూర్చుని కట్ చేసుకోవడం వేరు, నలుగురు తలో చెయ్యి వేయడం వేరు. టీమ్ ప్రాజెక్టుల్లో ఇది మొండికేసే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములు) దగ్గర జరుగుతుంది. మొదటి క్లిప్ లోపలికి లాగగానే, దాని ఫ్రేమ్ రేటు ప్రాజెక్టుతో కలవకపోతే మార్చమంటారా వద్దా అని ఒక చిన్న పెట్టె అడుగుతుంది. చాలామంది చదవకుండానే ఏదో ఒక బటన్ నొక్కేస్తారు. క్లిప్పులు మీడియా పూల్‌లో (తెచ్చిన ఫైళ్లన్నీ కనిపించే చోటు) చేరాక ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు గడి ఇక మారదు. అందుకే 24, 25, 30లలో ఏదో ఒకటి షూటింగ్‌కు ముందే తేల్చుకుని, ప్రతి ఫోన్‌లోనూ అదే పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద షటర్ వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ ఉంచాలి. లేకపోతే ఫ్రేములో పట్టీలు కదులుతాయి, కలర్ పేజీలో ఎంత కుస్తీ పట్టినా పూర్తిగా పోవు.

ఫోన్లు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు. రెండు నిమిషాల డైలాగ్ టేకులో మొదట్లో కలిసిన పెదాలు చివరికొచ్చేసరికి తప్పిపోతాయి. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చి, ఆ తర్వాతే లోపలికి తేవాలి. విడిగా రికార్డు చేసిన సౌండ్‌ను వేవ్‌ఫామ్ (శబ్ద తరంగాల ఆకారం) పోల్చి వీడియోతో జత చేసే సదుపాయం ఉచితంలోనే ఉంది, చక్కగా పనిచేస్తుంది.

ఫుటేజీని వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, పేరూ మారిపోతుంది. పంపక తప్పదంటే డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ వరకు వెళ్తుంది. 4కె 30 ఫ్రేముల ఫుటేజీ నిమిషానికి 170 నుంచి 350 ఎంబీ అవుతుంది కాబట్టి పెన్‌డ్రైవ్ కన్నా ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ నయం. రెండు ఫోన్లలోనూ ఒకే పేరుతో ఫైళ్లు పుట్టొచ్చు. రీలింక్ చేసేటప్పుడు (ప్రాజెక్టును ఫైళ్లతో మళ్లీ కలిపేటప్పుడు) ఒక క్లిప్ స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చోకుండా, ఇంపోర్టుకు ముందే కెమెరా అక్షరం, సీన్, టేక్ నంబర్లతో పేర్లు మార్చాలి. ఎడిట్ మొదలయ్యాక మార్చడం మాత్రం చేజేతులా తెచ్చుకునే తలనొప్పి.

పని చేతులు మారేటప్పుడు డీఆర్‌పీ (రిజాల్వ్ ప్రాజెక్టు) ఫైలు ఒక్కటే ఇస్తే అవతలివాళ్లకు అన్నీ ఎర్రటి ‘మీడియా ఆఫ్‌లైన్’ ఫ్రేములే కనిపిస్తాయి, ఎందుకంటే అందులో ఫుటేజీ ఉండదు. ఫుటేజీతో సహా ఇవ్వాలంటే ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేయాలి. అందరిదీ ఒకే వెర్షన్ అయి ఉండాలి. కొత్తదాంట్లో సేవ్ చేసింది పాతదాంట్లో తెరుచుకోదు. ఒకేసారి పనిచేయాలంటే ల్యాబ్ నెట్‌వర్క్‌లో ఉచిత ప్రాజెక్ట్ సర్వర్ పెట్టుకోవచ్చు. ఒకరు తెరిచిన బిన్‌కు (క్లిప్పులు పెట్టుకునే ఫోల్డర్) తాళం పడుతుంది, మిగతావాళ్లు చూడగలరే తప్ప మార్చలేరు. కాబట్టి సీన్‌కో బిన్, బిన్‌కో మనిషి అని పంచుకుంటే గొడవ ఉండదు.

లోపాలూ తక్కువేం కావు. 8 జీబీ ర్యామ్ ఉండి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో నరకం చూపిస్తుంది. 16 జీబీ కనీసం అనుకోండి. బలహీనమైన మెషీన్లకు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలికపాటి నకళ్లు) తప్పనిసరి. వీడియో నాయిస్ రిడక్షన్ (చీకటి దృశ్యాల్లో చుక్కల్లాంటి గరుకును తగ్గించేది) స్టూడియోలోనే ఉంది, అందుకని రాత్రి సీన్లకు లైటు అద్దెకు తెచ్చుకోవడమే చవక. ఉబుంటు ల్యాబులున్న కాలేజీలకు ఇంకో చిక్కు: లైనక్స్ ఉచిత వెర్షన్ హెచ్.264 (ఫోన్లు ఎక్కువగా వాడే వీడియో ఫార్మాట్లలో ఒకటి) క్లిప్పులను తెరవదు.

తెలుగు టైటిళ్లలో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ఫైనల్ రెండర్‌కు ముందే చూసుకోండి. ఫాంటు మార్చినా కుదరకపోతే ఆ అక్షరాలను బయట తయారుచేసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టేయడమే. ముఖ్యంగా పేర్ల పట్టికలో; తన పేరులో ఒత్తు ఊడిందంటే ఏ నటుడూ ఊరుకోడు.